గేట్ పాస్ మీద ఉన్న పేరు

2024 మే నెల. పటాన్‌చెరు దగ్గర ముంబై హైవేని ఆనుకుని ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో నేను ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. అక్కడ చేరి ఇరవై తొమ్మిదేళ్లు. సర్వీసు ఇంకా రెండేళ్లుండగానే రాజీనామా రాసిచ్చేసి ఆఖరి నెల డ్యూటీలు చేస్తున్నాను. "ఇగ హాయిగ ఇంట్ల కూసోవచ్చు, అదృష్టమంటే నీదే అక్కా" అని ఎవరైనా అంటే ఒళ్లు మండేది. "అప్పుడే మానేస్తున్నవా?" అని అడిగినా మండేది. ఏం అంటే నాకు నచ్చుతుందో నాకే తెలియని రోజులవి.

మానేయాలని ఎందుకనుకున్నానో దాచుకోకుండా చెబుతాను. మోకాళ్ల నొప్పులని అందరికీ చెప్పాను గానీ అది పూర్తి నిజం కాదు. చలికాలంలో ఒకరోజు కొడుకు పోయిన తల్లి క్యాజువాలిటీ నేల మీద పడి ఏడుస్తుంటే, నాకు ఏడుపు రాలేదు, జాలీ కలగలేదు. ట్రాలీకి అడ్డంగా పడుకుందని విసుగొచ్చింది. ఇందిరేశంలోని ఇంటికి వెళ్లి మా ఆయనతో ఆ మాట చెప్పాను. ఆయన, "ఇగ చాలు సువార్తా, వచ్చేయ్" అన్నాడు. మర్నాడే రాజీనామా రాశాను. రాసినందుకు వారం రోజులు అన్నం సయించలేదు.

అలాంటి నెలలో వచ్చిన కేసు ఇది.

మధ్యాహ్నం రెండు కావస్తోంది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఒక కెమికల్ కంపెనీ జీపు వచ్చి పోర్టికోలో ఆగింది. సూపర్‌వైజర్ యాదగిరి, ఇంకో ఇద్దరు కలిసి ఒక మనిషిని మోసుకొచ్చి మంచం మీద వేశారు.

"ఎండదెబ్బ సిస్టర్. బువ్వ తిని లేచిండు, కండ్లు తిరిగి పడ్డడు. జెర జల్దీ సూడుండ్రి" అన్నాడు యాదగిరి. అంటూనే మంచం చువ్వకి ఆ మనిషి గేట్ పాస్ తగిలించాడు. రంజన్, వయసు ముప్పై ఎనిమిది, ఒడిశా.

ఆ పాస్ గురించి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. మా వైపు కంపెనీల్లో కాంట్రాక్టు లేబర్‌కి ఆ ప్లాస్టిక్ కార్డే బతుకు. నాలుగు రోజులు వరసగా పనికి రాకపోతే కార్డు గుంజుకుంటారు. అందుకే అన్నకి జ్వరమొస్తే అన్న కార్డు వేసుకుని తమ్ముడు వెళతాడు. గేటు దగ్గర చూసేది కార్డునే, మొహాన్ని ఎవరూ చూడరు. దెబ్బ తగిలి మా దగ్గరకొస్తే మేమూ కార్డు మీది పేరే రాసుకుంటాం. నిజం పేరు రాస్తే ఈఎస్ఐ వైద్యం అందదు, కంపెనీ "మావాడు కాదు" అని చేతులు దులుపుకుంటుంది. ఇది మా అందరికీ తెలుసు. కొత్తగా చేరిన ప్రతి నర్సుకీ నేనే చెప్పేదాన్ని: "కార్డు మీద ఏ పేరుంటే అదే రాయి. నీకెందుకు పంచాయితీ?" అలా చెప్పడం వాళ్లకి మేలు చేయడమేనని గట్టిగా నమ్మాను.

ఆ మంచం మీది మనిషికి నిండా పాతికేళ్లు కూడా ఉండవు. చూశాను. చూసి, అలవాటుగా కేస్ షీట్ మీద "రంజన్, 38" అని రాశాను.

కుర్రాడు కళ్లు తెరిచే ఉన్నాడు, రొప్పుతున్నాడు. పెదాలు నేరేడు పండు తిన్నట్టున్నాయి. వేలికి పల్స్ ఆక్సిమీటర్ పెట్టాం. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపించే క్లిప్పు అది. ఎనభై ఐదు. ఆక్సిజన్ మాస్కు పెట్టి పూర్తిగా తెరిచాం. ఎనభై ఐదు. పది నిమిషాలు గడిచినా అంకె కదలలేదు. డ్యూటీ డాక్టర్ శ్రావణి గుంటూరు పిల్ల, చదువు ముగించి రెండేళ్లు కాలేదు. ఆమె నా వైపు చూసింది.

"ఎండదెబ్బ కాదు మేడమ్. ఒళ్లు కాలట్లేదు చూడండి" అన్నాను. యూనిఫాం కత్తిరించి తీసేస్తుంటే బూట్ పాలిష్ లాంటి వాసన గుప్పుమంది. సబ్బునీళ్లతో ఒళ్లంతా కడుగుతూ యాదగిరి మీద అరిచాను.

"ఏం పోసుకున్నడో చెప్తవా, నీ మీద పోలీసోళ్లకు చెప్పాల్నా?"

"నైట్రోబెంజీన్ లైన్ల జెర లీకైంది సిస్టర్. అంగీ తడిసింది, అంతే. వాడే ఏం కాదని ఎండకు ఆరబెట్టుకున్నడు" అన్నాడు తల దించుకుని.

మణికట్టు దగ్గర నుంచి రక్తం తీసి తెల్ల గాజుగుడ్డ మీద రెండు చుక్కలు వేసింది శ్రావణి. మామూలు రక్తం గాలి తగిలితే ఎర్రబడుతుంది. ఇది చాక్లెట్ రంగులో అలాగే ఉండిపోయింది. ఆ కెమికల్ చర్మంలోంచి ఒంట్లోకి దిగితే ఇలా అవుతుంది, మెథెమోగ్లోబిన్ అంటారు. రక్తం ఉన్నా ఆక్సిజన్ మోయలేని స్థితి. దీనికి విరుగుడు మెథిలీన్ బ్లూ అనే ఇంజెక్షన్, ముదురు నీలం మందు. సరిగ్గా పడితే గంటలోపే మనిషి తేరుకుంటాడు. అయితే కొందరికి పుట్టుకతోనే జీ సిక్స్ పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది. వాళ్లకి ఈ మందే విషం. ఎర్ర కణాలు పగిలిపోతాయి. ఆ పరీక్ష రిపోర్టు రావడానికి ఒక రోజు పడుతుంది. మాకున్నది ఒక గంట.

శ్రావణి కంప్యూటర్‌లో రంజన్ పేరు కొట్టింది. పాత ఫైలు దొరికింది. ఆమె మొహం వెలిగిపోయింది.

"రెండేళ్ల కిందట మలేరియాతో మన దగ్గరే అడ్మిట్ అయ్యాడు సిస్టర్. జీ సిక్స్ పీడీ నార్మల్. మలేరియా గోలీలు ప్రైమాక్విన్ కోర్సు మొత్తం వాడాడు, ఎంజైమ్ తక్కువుంటే అవీ పడవు, ఇతనికి ఏమీ కాలేదు. అపెండిక్స్ ఆపరేషన్ కూడా అయింది. హమ్మయ్య. మెథిలీన్ బ్లూ లోడ్ చేయండి."

లోడ్ చేశాను. నీలం మందు సిరంజిలోకి వచ్చింది. సెలైన్ ట్యూబు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. ఇప్పుడే సబ్బు పెట్టి కడిగిన పొట్ట. దాని మీద కోత గుర్తు లేదు. దుప్పటి తీసి మళ్లీ చూశాను. నున్నటి పొట్ట.

"మేడమ్, ఆగండి. ఇతను రంజన్ కాదు."

"ఏంటి సిస్టర్ మీరనేది? ఇప్పుడా?" అంది శ్రావణి. మానిటర్‌లో గుండె వేగం నూట నలభై దాటింది. కుర్రాడు కళ్లు తేలేస్తున్నాడు. మందు ఇవ్వకపోతే చచ్చిపోవచ్చు. ఇస్తే చచ్చిపోవచ్చు. ఆ ఫైలు మాత్రం ఇంకెవరిదో.

యాదగిరిని పక్కకి లాగాను. "ఎవరు వీడు?"

"రంజనే సిస్టర్."

"నా మొహం చూసి చెప్పు."

చూడలేదు. ఫోన్ తీసి ఒక నంబర్ నొక్కి నా చేతికిచ్చాడు. అవతల మనిషి మాట్లాడాడు. పదేళ్లుగా ఇక్కడే ఉన్నాడేమో, తెలుగు బాగా వచ్చు.

"నువ్వు రంజన్‌వా?" అని అడిగాను. ఫోన్ కట్టయింది.

మళ్లీ చేశాను. రెండోసారి ఎత్తాడు. "బాబూ, నీ కార్డు మీద వచ్చినాయన నా ముందర సావుబతుకుల్ల ఉన్నడు. నీకేమైతడు?"

"తమ్ముడు. బిపిన్. నాకు జరమొచ్చిందని పోయిండు. సిస్టర్, పేరు రాయరు గద? రాస్తే ఇద్దరి కార్డులు పోతయి. ఊర్ల ఎనిమిది మంది ఉన్నరు."

"రాయను."

"ఒట్టు?"

"దేవుని తోడు రాయను. ఇప్పుడు చెప్పు, మీ తమ్మునికి ఎప్పుడన్న మలేరియా గోలీలు పడలేదా?"

"చిన్నప్పుడు ఇచ్చిండ్రు. మూత్రం డికాషన్ లెక్క నల్లగొచ్చింది. కండ్లు పచ్చగైనయి. ఆ గోలీలు మల్ల ఇయ్యద్దని డాక్టర్ చీటీ రాసిచ్చిండు. అమ్మ దగ్గరుంది."

నేను సిరంజిని ట్రేలో పెట్టేశాను. "వద్దు మేడమ్. ఈ మందు పడదు" అని అంతే చెప్పగలిగాను.

మిగిలిన దారి కష్టమైనది. సెలైన్‌లో విటమిన్ సి ఎక్కువ మోతాదులో పెట్టి, ఐసీయూలో పాడైన రక్తం కొంచెం కొంచెం తీస్తూ మంచి రక్తం ఎక్కించాలి. బ్లడ్ బ్యాంకుకి శాంపిల్ పంపాం, కేస్ షీట్ మీది పేరుతోనే. మాట ఇచ్చాను కదా. పావుగంటకి అక్కడి నుంచి ఫోన్.

"సిస్టర్, రంజన్ పాత రికార్డుల బీ పాజిటివ్ ఉంది. మీరు పంపింది ఓ పాజిటివ్. శాంపిల్ మారిందా, పేషెంటే మారిండా? తేలేదాక నేను బ్యాగ్ ఇయ్య."

యాదగిరి చేతులు జోడించాడు. "మీ కాళ్లు మొక్కుత సిస్టర్. శాంపిల్ తప్పయిందనుండ్రి. మల్లొకటి పంపుండ్రి."

మళ్లీ పంపినా అదే ఓ పాజిటివ్ వస్తుంది. కుర్రాడు అప్పటికి పిలిస్తే పలకడం లేదు. "రంజన్, రంజన్" అని శ్రావణి అతని చెంపలు తడుతోంది. వాళ్లన్న పేరుతో పిలుస్తున్నామని గుర్తొచ్చి నేను "బిపిన్" అని పిలిచాను. కనురెప్పలు కొంచెం కదిలాయి.

కేస్ షీట్ తీసుకున్నాను. రంజన్ అన్న పేరు మీద అడ్డంగా గీత గీసి, పక్కన బిపిన్ అని రాసి సంతకం పెట్టాను. కొత్త ట్యూబులో రక్తం తీసి అదే పేరు అంటించాను. ఆ పేరుతోనే రక్తం వచ్చింది. ఆ పేరుతోనే పోలీసులకి పంపే మెడికో లీగల్ కాగితమూ వెళ్లింది. సాయంత్రం ఆరుకి అంకె తొంభై దాటింది. పెదాలకి పెదాల రంగు వచ్చింది. శ్రావణి నన్ను కావలించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చలికాలం నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది. అంత సంతోషంలోనూ, ఇలాంటి చోటు వదిలి ఎలా వెళతానురా దేవుడా అని గుబులు పుట్టింది.

మూడో రోజు రంజన్ వచ్చాడు. జ్వరంతో పీక్కుపోయిన మొహం. కంపెనీ వాళ్లు ఇద్దరినీ ఇక రావొద్దన్నారట. నా ఎదురుగా నిలబడి గొంతు పెంచకుండా అన్నాడు: "మాటిచ్చిండ్రు గద సిస్టర్."

"ఇచ్చిన. తప్పిన" అన్నాను.

రక్తం గురించి, గ్రూపు గురించి వివరంగా చెప్పాను. విన్నాడు. తల ఊపాడు. "తమ్ముడు బతికిండు. అది సాలు" అన్నాడు గానీ థాంక్స్ చెప్పలేదు. నేనూ ఎదురుచూడలేదు. ఒట్టు పెట్టి తప్పినందుకు ఆదివారం ప్రార్థనలో తలెత్తలేకపోయాను. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అదే చేస్తాను, ఆ విషయంలో నాకు అనుమానం లేదు. కొల్లూరు వైపు ఒక గోడౌన్‌లో రంజన్‌కి పని చూసిపెట్టమని మా ఆయన తన పాత స్నేహితులకి ఫోన్లు చేశాడు. దొరికింది. అక్కడా పాస్ ఉంటుందట.

డిశ్చార్జి రోజు కాగితాలు పట్టుకుని నేనే వార్డుకి వెళ్లాను. బిపిన్ మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు, రంజన్ పక్కనే నిలబడి ఉన్నాడు. మనిషిని సరిచూసుకుని సంతకం పెట్టించడం రూలు.

"నీ పేరేంది బాబూ?" అన్నాను.

ఇడ్లీ ముక్క చేతిలోనే ఆగిపోయింది. వాళ్ల అన్న వైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "కౌన్‌సా బోలూ, సిస్టర్?" అన్నాడు. ఏ పేరు చెప్పమంటారు అని నిజంగానే అడుగుతున్నాడు.

అతను వచ్చినప్పుడు తెలివిలోనే ఉన్నాడు. మొదటి పది నిమిషాలు మాట్లాడగలిగేవాడే. నీ పేరేంది అని నేను అడగలేదు. కార్డు తగిలించి ఉంది కదా అని అడగలేదు. అడిగి ఉంటే ఫైలు తెరిచే పని లేదు, నీలం మందు సిరంజిలోకి వచ్చేదే కాదు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. సిస్టర్ అనుభవం బతికించిందన్నారు. బతికించింది పొట్ట మీద లేని ఒక మచ్చ. ఇరవై తొమ్మిదేళ్ల అనుభవం మాత్రం వాడిని దాదాపు చంపేసింది.

ఆ తర్వాత నాకు మిగిలింది తొమ్మిది డ్యూటీలు. వచ్చిన ప్రతి లేబర్ మనిషినీ, కార్డు పక్కన పెట్టి, వంగి చెవి దగ్గర అడిగాను: "నీ పేరేంది?" చాలామంది జవాబు చెప్పే ముందు సూపర్‌వైజర్ మొహం చూశారు. ఆ చూపు ఇన్నేళ్లూ నా కళ్ల ముందే ఉంది. నేను తల వంచుకుని కార్డు చూసి రాసుకుంటూ ఉన్నాను.