చెవిని నమ్మని టీచరమ్మ

మా బడి ఇంగ్లీషు టీచరమ్మ పోయారని ఆవిడ కూతురు పొద్దున్నే ఫోన్ చేసింది. స్టాఫ్ రూములో చెబితే ఎవరూ ఏడవలేదు. "ఇక మన తప్పులు పట్టేదెవరు?" అన్నాడొకాయన. నవ్వబోయి మానేశాం.

దక్షిణాఫ్రికాలో నల్లవాళ్లకీ ఓటు వచ్చిన తొలి ఎన్నికలయ్యాక లెక్కలు చెప్పడానికి ఆంధ్ర నుంచి నార్త్‌డేల్ వచ్చినవాణ్ణి నేను. మొదట్లోనే నోటీసు బోర్డు మీద 'స్టేషనరీ' అని రాశాను. ఒక్క అక్షరం తేడాతో పెన్నులూ కాగితాలూ కాస్తా 'కదలనిది' అయిపోయాయి. "కదలకుండా నిలబడేనా పెన్ను? ఇండియాలో నడుస్తదా?" అన్నారావిడ అందరిముందూ, చెరకు తోటల్లో కూలికి వచ్చిన తాతల నాటి తెలుగులో. తర్వాత పక్కకొచ్చి, "చెవి అబద్ధం చెప్తది అయ్యా. కన్ను పెట్టు" అన్నారు. అది నాకు ఇప్పటికీ పనికొస్తోంది.

పిల్లల్ని అంతకన్నా ఏడిపించేవారు. ఇండియన్లకే ఉన్న మా బడిని అందరికీ తెరిచాక ఆవిడ తరగతిలో ఒక జులూ అమ్మాయి చేరింది. ఎన్నికల ముందు గొడవల్లో తండ్రి పోయాడు. ఒకరోజు నేను చాక్‌పీసుల కోసం వెళ్లేసరికి టీచరమ్మ ఆ పిల్ల వ్యాసం పైకి చదువుతున్నారు: "మా నాన్న పీస్ కోసం చనిపోయాడు." శాంతి అనే మాటకు బదులు ముక్క అనే మాట స్పెల్లింగ్ రాసిందా పిల్ల.

"ఏ ముక్క కోసం? కేకు ముక్కా?"

తరగతంతా నవ్వింది. ఆ పిల్ల లేచి నిలబడింది.

"ఆయన్ని ఇంటికి అలాగే తెచ్చారు, మేడమ్. ముక్కలుగా."

టీచరమ్మ కాగితం బల్ల మీద పెట్టారు. 'పీస్' అన్న మాట చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టారు.

"అయినా తప్పు తప్పే. రేపట్నుంచి బడయ్యాక ఉండు."

ఇంత రాతిగుండె ఉంటుందా అనుకున్నాను. ఆ రోజు విషయంలో ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

మర్నాటి నుంచి సాయంత్రాలు ఇద్దరూ ఖాళీ తరగతిలో కూర్చునేవారు. బీన్స్ కూర చుట్టిన రోటీలు తిన్నాక డిక్టేషన్. కసుర్లు మాత్రం తగ్గలేదు. ఆ పిల్ల ఇంగ్లీషులో ఫస్టు వచ్చిన రోజు కూడా మెచ్చుకోలేదు. "ఒక్కసారి సారీ చెప్పొచ్చుగా" అన్నాను నేను.

"సారీ చెప్తే దానికి స్పెల్లింగ్ వస్తదా?" అన్నారు తల ఎత్తకుండానే.

అంత్యక్రియల రోజు చర్చిలో ప్రార్థన అయ్యాక టీచరమ్మ కూతురు ఆ జులూ అమ్మాయిని మాట్లాడమంది.

"మేడమ్ నాకు సారీ చెప్పలేదు. నేనూ మర్చిపోలేదు. రోజూ రెండు రోటీలు తెచ్చేవారు. పెద్దది నాకిచ్చేవారు."

అంతే చెప్పి కూర్చుంది. 

శ్మశానంలో వానకి బురద. ఆ అమ్మాయి బూటు అడుగు ఊడిపోయింది. టీచరమ్మ ఇంటికొచ్చాక కూతురు తన తల్లి నల్లబూట్లు తెచ్చి ఆ అమ్మాయి ముందు పెట్టింది. "తీసుకో. ఇంట్లో ఇంకెవరికీ సరిపోవు."

ఆ అమ్మాయికీ సరిపోలేదు, వదులు. టాక్సీల వైపు వాలు దిగుతుంటే మడమ మాటిమాటికీ బయటికి జారుతోంది. ఆగుతోంది, కాలు లోపలికి దూర్చుకుంటోంది, మళ్లీ నడుస్తోంది.