స్ట్రెచర్ మీద నేను, తలాపున అత్తమ్మ

మాది లింగంపేట దగ్గర చిన్న ఊరు. ఏడో తరగతిలోనే బడి మానేసి బీడీలు చుట్టుకుంటున్న నన్ను, నిరుడు మా మహిళా సంఘం వాళ్లు ఎల్లారెడ్డిలో శిక్షణకు పంపారు. వరదలో అంటురోగాలో వస్తే జనాన్ని బెదరగొట్టకుండా కబురు ఎలా చెప్పాలో అక్కడ నేర్పారు. నా నోరు చూసే ఎంపిక చేశారని అందరూ నవ్వారు.

చివరి రోజు ఆసుపత్రి ఆవరణలో మాక్ డ్రిల్ పెట్టారు. అందులో నేను స్పృహ తప్పిన రోగిని. విజిల్ వేసేదాకా కళ్లు తెరవొద్దన్నారు. స్ట్రెచర్ మీద పడుకుని లోలోపల నవ్వుకుంటున్నాను.

ఇంతలో మా అత్తమ్మ ఏడుపు వినబడింది. బీపీ గోలీల కోసం వచ్చి నన్ను చూసిందట. అడ్డొచ్చిన వాళ్లను తోసుకుంటూ వచ్చి నా చెంపలు పట్టుకుంది.

"లే బిడ్డా. పొద్దుగాల నోరు ముయ్యమన్ననని మూసినవా? ఇగ ఎన్నడు అనను. ఒక్క మాట మాట్లాడు."

ఆమె కన్నీళ్లు నా ముఖం మీద పడ్డాయి. విజిల్ సంగతి మరిచి కళ్లు తెరిచాను.

"ఏం మాట్లాడాలె అత్తమ్మా? నాకేం కాలే. ఇదంతా ఉత్త నాటకం."

చెంప మీద ఒక్కటిచ్చి, ఆ చేత్తోనే దగ్గరికి లాక్కుంది. తర్వాత శిక్షణ ఇచ్చే సారు మీద పడింది.

"గిసొంటి నాటకం ఆడేటప్పుడు ఇంట్లోల్లకు చెప్పొద్దా సారూ?"

"తప్పు మాదేనమ్మా" అని ఆయన కుర్చీ వేసి మంచినీళ్లు ఇచ్చాడు.

బస్సులో ఊరొచ్చేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు. అత్త మనసు తెలుసుకోవడానికి అందరూ స్ట్రెచర్ ఎక్కనక్కర్లేదు గానీ, నాకు మాత్రం అలాగే తెలిసింది.