చుక్క నాది, వేలు ఆమెది

మా తోడికోడలు పోయిన నెల గుండెపోటుతో పోయింది. గుంటూరు నుంచి బావగారు ఫోన్ చేసి, "అమ్మకి నువ్వే చెప్పాలమ్మా" అన్నారు. ఆ పనీ నా నెత్తినే పడింది.

ఉన్నమాట చెబుతున్నాను. ఆమెను చూస్తే నాకు కళ్ళు కుట్టేవి. తొంభైల చివర్లో ఆమె గుంటూరులో ఒక కాలేజీ ల్యాబులో ఎలుకల కళ్ళ మీద పరిశోధన చేసేది. మా అత్తయ్యకు నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు తరిగిపోయే జబ్బది. పొదిలి పక్కన మా ఊళ్ళో పొద్దునా సాయంత్రం ఆవిడకు చుక్కలు వేసేది నేను. అత్తయ్య మాత్రం వచ్చినవాళ్ళందరితో, "మా పెద్దకోడలు నా జబ్బు మీదే చదువుతోందండీ" అనేది. సొమ్మొకరిది, సోకొకరిది.

ఆమె వచ్చిందంటే ఎలుకల కబుర్లే. ఒక కంట్లో ఒత్తిడి పెంచి, రెండోదాన్ని పోల్చి చూసుకోవడానికి అలాగే వదిలేస్తారట. "చూపును మోసే కణాలు చచ్చిపోతాయని అందరూ వాటినే చూస్తారు చెల్లీ. వాటికి ఊతంగా వేరే కణాలుంటాయి. ఒత్తిడి పెరగ్గానే అవి ఉబ్బి, కాపాడబోతాయి. మరీ ఎక్కువైతే అవే చెరుపు చేస్తాయి" అనేది. అంత బాగా చెప్పేది కదా, అదీ నాకు మంటే.

ఒక ఎండాకాలం మేం మిరపకాయల తొడిమలు తీస్తుంటే తనూ వచ్చి కూర్చుంది. సాయంత్రం చేతులు సబ్బుతో కడుక్కుని, "ఇవాళ నేనేస్తా అత్తయ్యా" అని చుక్కల సీసా అందుకుంది. మిరప ఘాటు సబ్బుకు పోదు. మేం ముందు నూనె రుద్దుకుంటాం. నేను నోరు తెరిచేలోపే ఆమె రెప్ప పట్టుకుంది. అత్తయ్య గావుకేక పెట్టింది. కన్ను కడిగాం. మంట తగ్గాక అత్తయ్య ఆమెతో, "నువ్వొద్దులేమ్మా, చిన్నదే వేస్తుంది" అంది. నా కడుపు చల్లబడింది.

పెరట్లో నూనె రుద్దుకుంటూ ఆమె అంది, "నువ్వంటే నాకు కుళ్ళు, తెలుసా? నేనెన్ని కళ్ళు చూస్తే ఏం, ఆవిడ తల వాల్చేది నీ ఒళ్ళోనేగా." నేను నమ్మలేదు. ఆమె మళ్ళీ ఎలుకల్లోకి వెళ్ళింది. "ముట్టుకోని కన్నుంది చూడు, దాంట్లోనూ ఆ ఊతకణాలు కదులుతున్నాయి. పక్కదానికి కష్టమొచ్చిందని దీనికెట్టా తెలుస్తుందో."

చుక్కలు వేయనివ్వకపోయినా ఊరుకుందా! మర్నాడు అత్తయ్య వేలు పట్టుకుని, ముక్కు పక్కన కంటిమూల మీద పెట్టింది. "చుక్క పడ్డాక ఇక్కడ నొక్కి పట్టుకోండి. మందు గొంతులోకి జారకుండా కంట్లోనే నిలుస్తుంది." అప్పట్నించీ చుక్క నాదైతే, ఆ వేలు ఆమెది. రోజూ రెండుపూటలా చూడలేక చచ్చేదాన్ని.

కబురు చెప్పిన సాయంత్రం అత్తయ్యను ఒళ్ళో పడుకోబెట్టుకుని చుక్క వేశాను. కన్నీళ్ళతో కారిపోయింది. "ఏడవకండి అత్తయ్యా, మందు నిలవట్లేదు" అని మళ్ళీ వేశాను. అత్తయ్య వేలు తడుముకుంటూ కంటిమూలకు చేరింది.

"పెద్దది చెప్పిన చోటేనా?"

"అక్కడేనండీ."

నాకింకా కుళ్ళుగానే ఉంది. ఆ మాట చెప్పుకుందామంటే, అర్థమయ్యే ఒక్క మనిషీ లేకుండా పోయింది. అత్తయ్య ఎంతసేపటికీ ఆ వేలు తీయలేదు.