బ్రేక్ ఇన్‌స్పెక్టరూ కిట్టుగారూ

నా పానాల పెట్టె మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను: ఇక్కడ రాసిన దాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. చిక్కడపల్లిలో నన్నెరిగినవాళ్ళు ఈ వాక్యం దగ్గరే నవ్వడం మొదలుపెట్టి ఉంటారు. నవ్వనీండి.

1996. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు వెనక సందులో నా మెకానిక్ షెడ్డు. ఒకరోజు రామశర్మ మాస్టారు వచ్చారు. నారాయణగూడ బడిలో ఏళ్ళ తరబడి తెలుగు చెప్పి రిటైరైన మనిషి. కాకినాడ వైపు నుంచి వచ్చి అశోక్ నగర్‌లో స్థిరపడ్డారు.

"ఏమోయ్ నర్సింగ్, కారు కట్టాలి" అన్నారు.

ఇల్లు కడతారు. కారు కొంటారు. కారు కట్టడమేమిటో నాకు అర్థం కాలేదు. మాస్టారే చెప్పారు. దాన్ని కిట్ కారు అంటారట. ఫైబర్ బాడీ, తలుపులు, సీట్లు, అద్దాలు విడివిడిగా చెక్కపెట్టెల్లో బొంబాయి నుంచి వస్తాయి. ఇంజనూ, చాసిస్ అనే కింది ఇనుప చట్రమూ మనమే ఏదో పాత బండివి తెచ్చుకుని, వాటి మీద ఇవన్నీ బిగించుకోవాలి. మేం ఒక ముసలి జీపును విప్పి, వాళ్ళింటి పోర్టికోలో పని మొదలుపెట్టాం. ఏడాది పైగా పట్టింది. ప్రతిసారీ బిగించడం అయిపోయాక నాలుగు బోల్టులు మిగిలేవి. అవి ఎక్కడివో నాకిప్పటికీ తెలియదు.

ఆ పోర్టికో మాస్టారి భార్య సీతమ్మగారు వడియాలు ఎండబెట్టుకునే చోటు. టెస్టుకు బయల్దేరిన పొద్దున ఆవిడ గేటు దగ్గర నిలబడి తేల్చి చెప్పేశారు.

"చూడు నర్సింగూ, ఇది ఫెయిలైతే మళ్ళీ ఈ గేటు లోపలికి రాకూడదు. అటునుంచటే పాతసామాన్లవాడికి తోలెయ్యి."

"మరి పాసైతే ఎక్కుతావా?" అన్నారు మాస్టారు, మెల్లగా.

"ముందు పాసవనీండి."

ఆవిణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టుకుని టాంక్‌బండ్ మీద ఒక్క చుట్టు తిరగాలని మాస్టారి కోరిక. నాతో ఎన్నోసార్లు అన్నారు. ఆవిడతో ఒక్కసారీ అన్నట్టు లేదు.

ముందు పొల్యూషన్ టెస్ట్. నారాయణగూడలో యాదగిరి అనే కుర్రాడు ఆ మిషన్ పెట్టుకున్నాడు. ప్రోబ్ అనే కడ్డీని సైలెన్సర్ గొట్టంలో దూర్చితే, పొగలో విషవాయువు ఎంతుందో మీటరు చూపిస్తుంది.

"అన్నా, ఇంజన్ చాలూ చెయ్" అన్నాడు యాదగిరి.

"చాలూనే ఉంది."

"మరి మీటర్ల సున్న వస్తున్నదేంది?"

ఆపి మళ్ళీ స్టార్ట్ చేశాను. సున్న. యాదగిరి మిషన్‌ను ఒక తన్ను తన్నాడు. సున్న. పక్కనే ఉన్న ఆటోలో కడ్డీ పెడితే ముల్లు పరుగెత్తింది. మా బండిలో పెడితే మళ్ళీ సున్న.

"సున్న అంటే పొగ లేదనేగా నాయనా? సర్టిఫికెట్టు ఇచ్చెయ్యి" అన్నారు మాస్టారు.

"అట్లెట్ల ఇస్త సార్? సున్న వస్తే బండి సచ్చిపోయినట్టు లెక్క. సచ్చిపోయినదానికి సర్టిఫికెట్ నేనియ్య, మున్సిపాల్టోళ్ళు ఇస్తరు."

ఇంతలో నాకు దగ్గు తెర వచ్చింది. కిందికి చూస్తే, బండి వెనక కుడివైపు నిలబడ్డ నా కాళ్ళ మధ్య నుంచి నల్లటి పొగ లేస్తోంది. అప్పుడు గుర్తొచ్చింది. కిట్‌లో అందం కోసం రెండు సైలెన్సర్లు ఇచ్చారు. ఇంజనుకు కలిసింది కుడిది ఒక్కటే. ఎడమది ఉత్త గొట్టం. దాన్ని బిగించింది నేనే! కడ్డీ కుడివైపుకు మార్చగానే ముల్లు చివరికంటా కొట్టుకుంది. కార్బురేటర్ స్క్రూ తిప్పి, పెట్రోలు తగ్గించి, చివరికి పాస్ అనిపించాను.

"ఎడమ దాన్ల సన్యాసి, కుడి దాన్ల తాగుబోతు. గిదేం బండి అన్నా?" అన్నాడు యాదగిరి.

తర్వాత ఫిట్‌నెస్, అంటే బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోవడం. జీపు రిజిస్ట్రేషన్‌కు పదిహేనేళ్ళూ నిండిపోయాయి, పైగా బాడీ మారింది. ఆయన కాదంటే కథ ముగిసినట్టే. ఎండలో రవాణా ఆఫీసు మైదానం, బండ్ల వరస. ఆయన మా దగ్గరికి వచ్చి ఆగాడు.

"ఏం బండి ఇది?"

"కిట్ కారండి" అన్నారు మాస్టారు.

"కిట్టుగారిదా? మంచిది. ఏడి?"

"ఇక్కడే ఉంది కదండీ."

"ఉంది అంటరేంది? ఆడామెనా? జర పిలువున్రి."

"పిలిస్తే రాదండీ. తాళం తిప్పాలి."

"లోపట పెట్టి తాళమేసిన్రా!" ఇన్‌స్పెక్టర్ నా వైపు తిరిగాడు. "నడుస్తదా, నడువదా?"

"బాగానే నడుస్తుందండి" అన్నారు మాస్టారే మళ్ళీ. "పొద్దునపూట కొంచెం దగ్గుతుంది. పైకి కొత్తగా కనబడుతుంది గానీ లోపలంతా పాతదే."

"గుండె గూడ విప్పి, కడిగి, మళ్ళ బిగించినం సార్" అన్నాను నేను.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీశాడు. "గుండె ఆపరేషన్ అయినామెను గీ ఎండల తోల్కొచ్చిన్రా? మనుషులేనా మీరు? ఎవరు చేసిన్రు ఆపరేషన్?"

"నేనే సార్. పదిహేడో నంబర్ పానాతోని."

ఆయన పానా వైపు చూశాడు. బండి వైపు చూశాడు. మొహం ఎర్రబడింది. అయిపోయింది, బండి పాతసామాన్లకే అనుకున్నాను. మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"మీ తప్పేం లేదండి. కూర, కాయ కలిస్తే కూరగాయ. అలాగే కిట్టు, కారు కలిస్తే కిట్టుగారు. అదంతా సంధి చేసిన పని."

"పదోతరగతిల నన్ను ముంచింది గీ సంధే సార్" అన్నాడు ఇన్‌స్పెక్టర్. బండెక్కి, మైదానం చివరిదాకా నడిపి, బ్రేక్ కొట్టాడు. ఎటూ లాగకుండా గీత గీసినట్టు ఆగింది. "పాస్. తోల్కపోన్రి మీ కిట్టుగారిని."

ఇక్కడ ఆగిపోవచ్చు. కానీ పానాల పెట్టె నా వంకే చూస్తోంది.

ఆ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ నిజానికి నోరు తెరిచింది రెండుసార్లే. ఒకసారి "బ్రేక్ కొట్టు" అన్నాడు, రెండోసారి "పాస్" అన్నాడు. మేం సంతోషంగా అశోక్ నగర్ వచ్చాం. గేటు దగ్గర సీతమ్మగారు బండిని కిందికీ పైకీ చూసి, "పాసైతే మాత్రం? ఇందులో నేనెక్కను. నలుగురూ నవ్వుతారు" అన్నారు.

మాస్టారి మొహం చూడలేకపోయాను. ఆయన "అది కాదే, అక్కడేం జరిగిందో విను" అంటూ కిట్టుగారి కథ ఎత్తుకున్నారు. నాకు మతిపోయింది. పొద్దుట్నుంచీ ఆయన పక్కనే ఉన్నాను. ఇవన్నీ నాకు వినబడకుండా ఎప్పుడు జరిగాయి?

"నిజమేనా నర్సింగూ?" అన్నారు ఆవిడ, అప్పటికే పెదవి బిగబట్టి.

మాస్టారు నా వైపు చూశారు. "నిజమేనమ్మా" అన్నాను. "గుండె ఆపరేషన్ ముచ్చట చెప్పనే లేదు సారు." ఆ ముక్క కూడా చెప్పాను.

ఆవిడ నవ్వారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కడుపు పట్టుకుని, ఇక నిలబడలేక కూర్చోవడానికి చోటు వెతుక్కున్నారు. దగ్గరలో ఉన్నది తెరిచిన తలుపులోంచి కనబడుతున్న ముందు సీటే. కూర్చున్నారు. నేను తలుపు వేశాను. మాస్టారు అవతలివైపు నుంచి వెళ్ళి స్టీరింగ్ పట్టుకున్నారు.

అప్పట్నుంచీ రెండు గొట్టాల బండి ఏది వచ్చినా, ఏది అసలుదో ఏది ఉత్తదో ముందే తడిమి చూస్తాను. అయితే ఉత్త గొట్టాన్ని ఊడదీసెయ్యమని మాత్రం ఎవరికీ చెప్పను.

ఇన్‌స్పెక్టర్ మాటలు మాస్టారి కల్పన. సున్న నిజం, కావాలంటే యాదగిరిని అడగండి. గుండె ఆపరేషనూ, పదిహేడో నంబరు పానా మాత్రం నావి.