లోర్నా వినని కథ

ఆస్ట్రేలియాలో డార్లింగ్ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి బడి క్యాంటీన్‌లో లోర్నాకు ముప్పై ఏళ్లు గడిచాయి. తలకు వల, దాని కింద నెరిసిన జుట్టు, పొయ్యి సెగకు మచ్చలు పడ్డ ముంజేతులు. మాంసం కూరి కాల్చిన వేడి "పై" రొట్టెల మీద సాస్ పోస్తూ పిల్లలందరినీ పేరుపెట్టి పలకరిస్తుంది. "నా మాటకి మీరిచ్చేది ఒక్క చెవేగా" అని దెప్పుతుంది. వాళ్ల రెండో చెవిలో ఇయర్‌ఫోన్. అందులో, ముప్పై ఎనిమిదేళ్ల కిందట ఈ ఊళ్లోనే మాయమైన జెనీన్ అనే అమ్మాయి హత్య గురించి పాడ్‌కాస్ట్, వారానికో భాగం. జెనీన్ లోర్నా చెల్లెలని పిల్లలకు తెలియదు. ఆ పాడ్‌కాస్ట్ వాళ్లు ఫోన్ చేసినప్పుడు, చెప్పేదేమీ లేదని లోర్నా పెట్టేసింది.

శుక్రవారం టీగన్ అనే పదో తరగతి పిల్ల కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "అయిపోయింది మిస్. జెనీన్‌కి న్యాయం జరిగింది."

లోర్నా చేతిలో పటకారు ఆగిపోయింది. "పట్టుకున్నారా వాణ్ణి?"

"వాడెప్పుడో చచ్చిపోయాట్ట. కానీ వాడేనని ఇప్పుడందరికీ తెలిసిపోయింది కదా."

"ఎక్కడుందో చెప్పారా?"

"ఎవరు?"

"జెనీన్."

"అది చెప్పలేదు మిస్. ముగింపు మాత్రం భలే ఉంది. మీరూ వినండి."

"సాస్ వేయనా?" అంది లోర్నా.

ఆ ఆదివారం కూడా, ముప్పై ఎనిమిదేళ్లుగా వెళుతున్నట్టే, ఆమె కర్ర పట్టుకుని నది గట్టుకు వెళ్లింది. రెల్లు పొదలు ఒక్కొక్కటే పక్కకు తీసి చూసింది.