అన్న పోసిన నీళ్లు

ఆ పెద్దమనిషి పేరు నేనడగలేదు. తెలిసుంటే తిట్టుకోవడానికి పనికొచ్చేది, అంతే.

ఎనభైల్లో మాట. ధర్మవరం నుంచి అనంతపురం పోయే బస్సులో నా పక్కన కూర్చుని, వేయించిన శెనక్కాయలు ఒలిచి నా చేతిలో పెడుతున్నాడు. ముందు సీటులో ఒకర్ని, చివరి సీటులో ఒకర్ని కళ్లతోనే చూపించాడు.

"అన్నదమ్ములు. నాయన పెట్టిన పట్టు మగ్గాల షెడ్డు నాదంటే నాదని కోర్టుకు పోతాండారు. లాయర్లకు దుడ్లు యాడ తెస్తారు? ఒకనికి తెలీకుండా ఇంగొకనికి నేనే ఇస్తాండా. మగ్గాలు తాకట్టు."

"ఎవరు గెలుస్తారు?"

"ఎవడు గెలిస్తే నాకేమప్పా?"

దారిలో ఇంజను వేడెక్కి బస్సు ఆగిపోయింది. చుట్టూ ఎండిపోయిన చేలు, నీడన్నది లేదు. అందరం దిగాం. తమ్ముడు గొంతెండి దగ్గుతుంటే అన్న తన చెంబు తెచ్చాడు. తమ్ముడు దోసిలి పట్టాడు.

పెద్దమనిషి గబగబా పోయి తమ్ముడి చెవి దగ్గర వంగాడు. పక్కనే ఉన్న నాకు వినిపించింది.

"తాగితే రాజీ పడినట్టే. కోర్టులో వాళ్ల లాయరు అదే చెప్తాడు, చూసుకో."

దోసిలి విడిపోయింది. అన్న అప్పటికే చెంబు వంచాడు. నీళ్లు తమ్ముడి కాళ్ల మీద పడి నేలలో ఇంకిపోయాయి.

పెద్దమనిషి తిరిగొచ్చి నా చేతిలో ఇంకో గుప్పెడు శెనక్కాయలు పోశాడు.

"తినప్పా," అన్నాడు. "ఇంగా తాకట్టు పెట్టని మగ్గాలు రెండుండాయి వాళ్లకి."