కొలత చదివిన నోరు

టైలరు నగరం వదిలి ఈ చిన్న ఊరికి రావడం పూర్తిగా భార్య పట్టుదల. ఇరవై రెండేళ్లు మెట్ల కింద అరగదిలో మిషను తొక్కి ఏం బావుకున్నారని ఆమె రోజూ నస పెట్టేది. అక్కడైతే అద్దె సగం, గాలి ఉంది, నీళ్లున్నాయి, పలకరించే మనుషులున్నారు అంటూ వేళ్లు మడిచి చూపించేది. ఆయన మడవడానికి ఒక్క వేలే ఉంది. నగరంలో తనెవరో ఎవరికీ తెలియదు, ఎవరెవరో తనకీ తెలియదు. ఆ సుఖాన్ని ఆమెకెలా చెప్పాలో తోచక సామాను కట్టాడు.

నిజం ఒప్పుకోవాలంటే మొదటి ఏడాది ఆమె మాటే నెగ్గింది. సామాను దించుతుంటే బడి వ్యాను నడిపే డ్రైవరు పిలవకుండానే వచ్చి మిషనుకు ఓ పక్క చెయ్యి వేశాడు. దుకాణానికి గది చూపించిందీ అతనే, మొదటి గిరాకీలను వెంటబెట్టుకొచ్చిందీ అతనే. టైలరు భార్యను చెల్లెమ్మా అన్నాడు, దాంతో టైలరు బావ అయిపోయాడు. ఆ వానాకాలం టైలరు జ్వరంతో మంచం పడితే వారం రోజులు డ్రైవరు ఇంటి నుంచే క్యారియరు వచ్చింది. నగరంలో ఇలా ఎవరు పంపేవారని భార్య అడిగింది. ఆయన అన్నం కలుపుకుంటూ ఎవరూ పంపరని ఒప్పుకున్నాడు.

టైలరుకు ఓ అలవాటు ఉంది. టేపు పట్టి కొలతలు పైకి చదువుతాడు, మిషను దగ్గర కూర్చున్న భార్య నోటుబుక్కులో రాస్తుంది. మెట్ల కింద గదిలో బస్సుల మోతకు ఆమెకు వినపడాలంటే గొంతు చించుకోవలసి వచ్చేది. ఇక్కడ బస్సులు లేవు, మోతా లేదు. గొంతు మాత్రం ఆ లెక్కనే ఉండిపోయింది. ఇక్కడ ఆ గొంతు వీధి చివరిదాకా పోతుందని ఆ తెలివితక్కువ మనిషికి తట్టలేదు.

ఓ సాయంత్రం డ్రైవరు రెండు చొక్కాలకు గుడ్డ తెచ్చాడు. బల్ల మీద కిరాణా కొట్టాయన, బడి గుమస్తా కూర్చుని ఉన్నారు. టైలరు టేపు చుట్టి ఛాతీ ముప్పై ఆరు అని అరిచాడు. భార్య పాత పేజీ తిరగేసి, అదేమిటండీ, పోయినసారి నలభై రాశాను, సరిగ్గా చూడండి అంది. మళ్లీ చూశాడు. ముప్పై ఆరే.

"ఏం బావా, సగం మనిషిని ఇంట్లో దాచి వచ్చావా?" అన్నాడు టైలరు.

బల్ల మీదివాళ్లు నవ్వారు. డ్రైవరూ నవ్వబోయాడు గానీ నవ్వు కుదరలేదు. చేతులు దించేసి, పనుందంటూ నడుం కొలత ఇవ్వకుండానే వెళ్లిపోయాడు.

అతని కడుపులో పుండు ఉందనీ, మందులు వాడుతున్నాడనీ, బండి నడపడానికి ఇబ్బందేమీ లేదని డాక్టరు చెప్పాడనీ ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే వ్యాను తాళాలు లాక్కుంటారని దాచాడు. ఇప్పుడు కిరాణా కొట్లో నాలుగంగుళాలు కాస్తా ఆరయ్యాయి, మర్నాటికి పుండు లేనిపోని రోగమైంది. మనిషి మనిషినీ పలకరించే ఊరే ఇదీ చేసింది, అదీ అంతే శ్రద్ధగా. మూడో రోజు బడి యజమాని డ్రైవర్ని పిలిచి, పిల్లల విషయం కదా అని తాళాలు అడిగి తీసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం డ్రైవరు భార్య దుకాణానికి వచ్చింది. నిలబడే మాట్లాడింది.

"అన్నయ్యా, ఆ రోజు టేపు సరిగా పట్టలేదని యజమానితో ఒక్క మాట చెప్పు. నువ్వు చెబితే వింటాడు."

"కొలత తప్పానని నా నోటితో నేనే చెప్పుకోవాలా అమ్మా?"

"నీ కొలత తప్పలేదని మాకు తెలుసన్నయ్యా. తప్పిందని ఊరికి తెలిస్తే చాలు."

చూద్దామన్నాడు టైలరు. ఆ రోజూ వెళ్లలేదు, మర్నాడూ వెళ్లలేదు. ఇన్నేళ్లలో టేపు తప్పాడన్న మాట పడని మనిషి, ఉన్న ఒక్క దుకాణం మీద తానే మన్ను పోసుకోవాలా అని గింజుకున్నాడు. మూడో రోజు భార్య కంచం ముందు పెట్టి, జ్వరంలో ఎవరింటి అన్నం తిన్నారో గుర్తుందా అంది. అన్నం ముట్టకుండా లేచి బడికి నడిచాడు.

యజమాని ఓపిగ్గా విన్నాడు. "నిన్న పొద్దున కొత్తతను చేరాడయ్యా. మొన్న వచ్చి చెప్పి ఉంటే ఆలోచించేవాణ్ణి," అన్నాడు. ఆ పైన నవ్వి, అయితే మా ఇంట్లో చొక్కాలన్నీ మళ్లీ కొలిపించుకోవాలేమో అన్నాడు.

నగరంలో అయితే ఇలాంటి తప్పు చేసిన మనిషి రెండు వీధులు మారి మొహం చాటేసి బతికేయొచ్చు. ఇక్కడ ఉన్నది ఒకటే వీధి. పాల దగ్గర, మందుల షాపులో, పంపు దగ్గర డ్రైవరు రోజుకు నాలుగుసార్లు ఎదురుపడేవాడు. పలకరించేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. తిడితే బాగుండునని టైలరుకు ఎన్నిసార్లు అనిపించిందో. దుకాణానికి గిరాకీ మాత్రం తగ్గలేదు. బల్ల మీద ఎప్పుడూ నలుగురుండేవారు, కుట్టించుకోవడానికి ఇద్దరు, వినడానికి ఇద్దరు. టైలరు కొలతలు చదవడం మానేసి తానే రాసుకుంటున్నాడు.

మూడు నెలలకు ఓ సాయంత్రం, బల్ల నిండా జనం ఉండగా, డ్రైవరు గుడ్డతో లోపలికి వచ్చాడు. మిషను దగ్గర టైలరు భార్య తొక్కడం ఆపింది. వచ్చి చేతులు చాపి నిలబడ్డాడు. టైలరు టేపు చుట్టాడు, అంకె చూశాడు, పెదవి కదపకుండా పెన్సిలు కోసం తడుముకున్నాడు. అది దొరకలేదు.

డ్రైవరు తల వంచి టేపు చూసుకున్నాడు.

"ముప్పై నాలుగు," అన్నాడు, వీధి చివరిదాకా వినపడేలా. "రాసుకో చెల్లెమ్మా."